సంక్రాంతికి కారులో ఊరెళ్లేవాళ్లు: భోగి ముందు రాత్రి బయల్దేరే అలవాటు మానుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో, ఊరు తణుకు దగ్గర. కారులో మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, మూడేళ్ల పాప, 68 ఏళ్ల అమ్మగారు. ఏటా భోగి ముందు రోజు ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరి తెల్లారేసరికి ఊళ్లో ఉండేవారు. ఈమధ్య అదే టైముకి బయల్దేరినా మర్నాడు పదకొండు దాటుతోంది. ఏ రోజు, ఏ టైముకి, ఏ దారిన వెళ్లాలి? తిరిగి ఎప్పుడు రావాలి?

సూటిగా చెప్తాను. రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. సెలవు దొరికితే భోగికి రెండు మూడు రోజుల ముందే, శుక్రవారం రాత్రి, శనివారం ఉదయం కాకుండా చూసుకుని, నిండా నిద్రపోయి తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరండి. సెలవు దొరక్కపోతే భోగి రోజు ఉదయం అయిదింటికి బయల్దేరండి. తిరుగు ప్రయాణం మాత్రం పండగ తర్వాత వచ్చే ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోకండి, ఏం చేసైనా సరే.

ఇప్పుడు కారణాలు. విజయవాడ రోడ్డు రెండు వరసలుగా ఉండి, అందరూ తొమ్మిదో నంబరు హైవే అనే రోజుల నుంచి ఈ దారిలో బండి నడుపుతున్నాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో చిన్న ట్రావెల్స్ ఉంది. పండగ రోజుల్లో ఏ బండిని ఏ టైముకి పంపాలో చూసుకునేది నేనే. మీలాంటి ఫోన్లు జనవరి మొదటి వారం నుంచే వస్తుంటాయి.

రాత్రి బయల్దేరడం ఒకప్పుడు మంచి ఉపాయమే. కారున్నవాళ్లు తక్కువ, ఎక్కువమంది రైళ్లలో, బస్సుల్లో వెళ్లేవారు. 2012 చివరికి రోడ్డు నాలుగు వరసలయ్యాక సొంత కారులో అయిదారు గంటల్లో విజయవాడ చేరొచ్చని అందరికీ తెలిసింది. కరోనా తర్వాత ఇంటింటికీ కారు వచ్చింది. రైలు టికెట్లు బుకింగ్ తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టులోకి వెళ్లిపోతాయి. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కాబట్టి, టికెట్ దొరకదని తేలేసరికే నవంబరు సగం దాటుతుంది. అప్పుడిక కారే గతి. ఇలా కారులోకి మారిన ప్రతి కుటుంబమూ మీలాగే ఆలోచిస్తుంది: ఆఫీసు అవ్వాలి, పిల్లలు వెనక సీట్లో నిద్రపోవాలి, రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది. అందరూ అలాగే అనుకోవడంతో ఆ ఖాళీ కాస్తా పోయింది. పండగ ముందు రోజు రాత్రి పదకొండింటికి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పగలు కంటే ఎక్కువ రద్దీ ఉంటుంది. పైగా ఆ టైముకే ప్రైవేటు బస్సులన్నీ సిటీ దాటుతుంటాయి.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఈ రోడ్డు మీద పండగ రద్దీని నడిపించేవి రెండు ఆచారాలు. ఒకటి భోగి మంట. తెల్లవారకముందే మంట దగ్గర ఉండాలి కాబట్టి ముందు రాత్రంతా రోడ్డు కిటకిటలాడుతుంది. రెండోది కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, పెద్దవాళ్లు ఆ రోజు ఎవరినీ కదలనివ్వరు. అందుకే ఆ మర్నాటి నుంచి అందరూ ఒక్కసారిగా బయటపడతారు. మీ ప్రయాణాన్ని ఈ రెండింటికీ కాస్త పక్కకి జరిపితే చాలు, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

భోగి ఉదయం ఎందుకంటే: ముందు రాత్రి బయల్దేరినవాళ్లంతా అప్పటికి ముందుకు వెళ్లిపోయి ఉంటారు. ఏడెనిమిదేళ్లుగా భోగి రోజు పొద్దున్నే వెళ్లే బండ్లను గమనిస్తున్నాను. మిగతా రోజులతో పోలిస్తే అవి హాయిగా వెళ్తాయి. నిజాంపేట నుంచి మీ ఊరికి నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. అయిదింటికి బయల్దేరి మధ్యమధ్యలో ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నం భోజనాల వేళ దాటుతుండగా ఊళ్లో ఉంటారు. భోగి మంట తప్పిపోతుంది, నిజమే. కానీ మీకు మూడేళ్ల పాప ఉంది. భోగిపళ్లు పోసేది సాయంత్రం. రాత్రంతా కారులో నలిగి వచ్చిన పిల్ల పేరంటం మధ్యలో ఏడుస్తూ కూర్చోవడం కంటే, పగలు వచ్చి ఓ గంట పడుకుని లేచిన పిల్ల నెత్తిన రేగుపళ్లు పోస్తే మీ అమ్మగారికీ ముచ్చటగా ఉంటుంది.

నిద్ర గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే భయం దాని గురించే. పగలంతా ఆఫీసులో పనిచేసి, సామాను సర్ది, రాత్రి పదింటికి స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రెండు నుంచి అయిదు మధ్య ఒళ్లు మాట వినదు. టీ తాగినా, పాటలు పెట్టినా, అద్దం దించినా అది వాయిదా పడుతుందే తప్ప పోదు. కళ్లు తెరిచే ఉంటాయి, కానీ ఓ అరకిలోమీటరు ఎలా వచ్చామో గుర్తుండదు. కోదాడ దాటాక ఇలా అనిపించిందని ఎంతోమంది నాతో అన్నారు. మా డ్రైవర్లకు నేను పెట్టిన నియమం ఒకటే: ముందు రాత్రి ఆరేడు గంటలు పడుకోనివాడికి తాళం ఇవ్వను. ఎంత ఎక్కువ బాడుగ ఇస్తామన్నా సరే. మీరు మీ కారుకి మీరే డ్రైవరు, అదే నియమం మీకూ పెట్టుకోండి. బయల్దేరే టైము టోల్‌గేటు రద్దీని బట్టి కాదు, మీ నిద్రను బట్టి పెట్టుకోవాలి.

దీనికి తోడు మంచు. జనవరిలో నందిగామ దాటి మునేరు, కృష్ణ పరిసరాల్లోకి వస్తే తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. ఏలూరు దాటాక తాడేపల్లిగూడెం, తణుకు వైపు కాలువలూ వరి పొలాలూ ఉన్నచోట ఇంకా ఎక్కువ. మీ పాత లెక్కలో రాత్రి పదింటికి బయల్దేరితే సరిగ్గా అలిసిపోయిన వేళకి, నాలుగు నుంచి ఏడు మధ్య, ఆ మంచులోకి దిగుతారు. అదే టైములో రోడ్డు పక్కన ఆపిన లారీలుంటాయి. చాలావాటికి వెనక రిఫ్లెక్టర్లు మట్టి పట్టి మెరవవు. ధాన్యం బస్తాల ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా రోడ్డు దాటుతాయి. బంపరుకి పాతిక గజాల దూరంలోకి వచ్చేదాకా ఆ ట్రాక్టర్ తొట్టి కనబడదు. ముందు ఓ నల్లటి మచ్చలా ఉంటుంది, అది బస్తా అని తెలిసేసరికి బ్రేకు మీద నిలబడాల్సిందే. ఉదయం అయిదింటికి బయల్దేరితే నందిగామ చేరేసరికి తొమ్మిది దాటుతుంది, ఎండ వచ్చి మంచు విడిపోతుంది. ఎప్పుడైనా మంచులో చిక్కుకుంటే హైబీమ్ వేయకండి, ఆ వెలుగు తెల్లగోడలా మీ కళ్లకే తిరిగి కొడుతుంది. లోబీమ్ వేసుకుని, రోడ్డు అంచు గీత చూసుకుంటూ నెమ్మదిగా వెళ్లండి. అసలు కనబడకపోతే రోడ్డు పక్కన ఆపొద్దు. పెట్రోల్ బంకులోకో హోటల్ ఆవరణలోకో పూర్తిగా లోపలికి వెళ్లి ఆపండి.

ఇక దారి. చాలామంది ఇప్పటికీ పంతంగి టోల్‌గేటునే తలుచుకుని భయపడతారు. చిల్లర కోసం కౌంటర్ల దగ్గర వాదించుకునే రోజుల్లో ఆ భయం న్యాయమే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గేటు దగ్గర బండి ఆగే సమయం బాగా తగ్గింది, పండగకు విజయవాడ వైపు ఎక్కువ గేట్లు కూడా కేటాయిస్తారు. ఇప్పుడు బండ్లు నిజంగా ఆగేది ఊళ్ల దగ్గర: చౌటుప్పల్ సెంటర్, చిట్యాల, వంతెనల పనులు జరిగేచోట్లు, హోటళ్ల మలుపులు. మూడు వరసలుగా తోసుకొచ్చిన బండ్లు డైవర్షన్ దగ్గర ఒక్క వరసలోకి దూరాలి. టోల్‌గేటు తప్పించుకున్నాం అనుకున్నవాళ్లు పది కిలోమీటర్ల తర్వాత అక్కడ గంట నిలబడతారు. కాబట్టి బయల్దేరే ముందు రోజు నల్గొండ, సూర్యాపేట, ఎన్టీఆర్ జిల్లాల పోలీసులు చెప్పే డైవర్షన్లు వార్తల్లో చూసుకోండి. సంక్రాంతికి ముందు తప్పకుండా చెప్తారు.

మీకు నేను చెప్పే దారి: నిజాంపేట నుంచి సిటీలోకి, ఎల్బీనగర్ వైపు అసలు వెళ్లొద్దు. దుండిగల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి, శామీర్‌పేట, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర దిగండి. కిలోమీటర్లు ఎక్కువే, కానీ బండి ఆగదు. చౌటుప్పల్ దగ్గర పూర్తిగా ఆగిపోయిందని ముందే తెలిస్తే ఘట్‌కేసర్‌లోనే దిగి భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాలకు రావచ్చు. పగలైతేనే. విజయవాడ దగ్గర గొల్లపూడి నుంచి చిన్న అవుటపల్లి దాకా వెస్ట్ బైపాస్ మీద బండ్లు వదులుతున్నారు. మీకది వరం లాంటిది, దుర్గగుడి, బెంజి సర్కిల్ వైపు వెళ్లే పని లేకుండా గన్నవరం అవతల తేలతారు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. రాజమండ్రి, కొవ్వూరు వైపు వెళ్లేవాళ్లు సూర్యాపేట దగ్గరే ఎడమకు తిరిగి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా వెళ్లడం బాగా పెరిగింది. సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా నాలుగు వరసలయ్యాక ఆ దారి మీద నమ్మకం కుదిరింది. ఖమ్మం అవతల ఇరుకు ముక్కలు ఉన్నాయి, ఆ ముక్కల్లో రాత్రిపూట వద్దు. గుంటూరు, పల్నాడు వాళ్లు నాగార్జునసాగర్, మాచర్ల దారిన వెళ్తే విజయవాడ రోడ్డు రద్దీ వాళ్లకు పట్టదు. నెల్లూరు, ఒంగోలు వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టుకుంటారు. ఆ రోడ్డు ఖాళీగా కనిపించి స్పీడు పెంచేలా చేస్తుంది, అదే దాని ప్రమాదం. 2018 ఆగస్టు 29 ఉదయం నందమూరి హరికృష్ణ గారు కారు నడుపుకుంటూ వెళ్తూ అన్నెపర్తి దగ్గర జరిగిన ప్రమాదంలో పోయింది ఆ రోడ్డు మీదే. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు.

అందుకే బెల్టు మాట ఇక్కడే చెప్పేస్తాను. వెనక సీట్లో కూడా బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. మూడేళ్ల పాపను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మన దగ్గర అందరూ చేసే పని. గట్టిగా బ్రేకు పడితే ఆ పాప పట్టుకున్నవాళ్ల చేతుల్లో ఉండదు. చైల్డ్ సీటు కొనండి, వెనక బిగించండి. మొదటి అరగంట ఏడుస్తుంది, తర్వాత అందులోనే నిద్రపోతుంది. మా దగ్గర బండి మాట్లాడుకునే కుటుంబాల్లో ఈమధ్య కొందరు చైల్డ్ సీటు వెంట తెచ్చుకుంటున్నారు. నాకు చాలా సంతోషం కలిగించే మార్పు అది.

మ్యాప్ గురించి. రోడ్డు ఎర్రగా చూపించగానే అది ఊళ్లలోంచి సందులు చూపిస్తుంది. అదే సందును అదే నిమిషంలో వందల ఫోన్లకు చూపిస్తుంది. కల్వర్టు దగ్గర ఎదురుగా ఒక ట్రాక్టర్ వస్తే చాలు, ముందుకూ వెనక్కూ పోలేక కార్లన్నీ పొలం గట్ల మీద ఇరుక్కుంటాయి. హైవే మీద ఇరుక్కుంటే కనీసం నెమ్మదిగా కదులుతారు, 1033కి ఫోన్ చేస్తే క్రేనో అంబులెన్సో వస్తుంది. ఊరి సందులో అదీ ఉండదు. నా లెక్క ఇదీ: పగటి వేళ అయి, అరగంటకు పైగా ఆదా అవుతుందని చూపించి, ఆ దారి పేరు ఇంతకుముందు విన్నదైతేనే తిరుగుతాను.

ఫాస్టాగ్ పని ముందు రోజే చూసుకోండి. బ్యాలెన్స్ ఉందా, కేవైసీ పెండింగ్ ఉందా, బండి నంబరు సరిగా ఉందా చూడండి. ట్యాగ్ పనిచేయకపోతే మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు తీసుకుంటున్నారు. డబ్బు పోతే పోయింది, మీ వెనక ఆగిన వరసంతా హారన్లు కొడుతుంటే కారులో పెద్దావిడకి కంగారు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన వార్షిక పాస్ మీకు లాభమే. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఒక గేటు దాటితే ఒక ట్రిప్పు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, ఆపై తణుకు దాకా ఇంకో మూడు నాలుగు గేట్లు. పండక్కీ వేసవి సెలవులకూ దసరాకీ వెళ్లొస్తే పాస్ ఖరీదు వచ్చేస్తుంది. బాడుగ బండ్లకు కాదు, సొంత బండ్లకే ఇస్తారు, జాతీయ రహదారుల గేట్లలోనే చెల్లుతుంది, ఔటర్ మీద చెల్లదు.

తిండి విషయంలో పాత అలవాటు మళ్లీ వస్తోంది, మంచిదే. పండగ రోజుల్లో సూర్యాపేట చుట్టుపక్కల పెద్ద హోటళ్ల దగ్గర పార్కింగుకే అరగంట, ఆడవాళ్ల టాయిలెట్ల దగ్గర ఇంకో వరస. పులిహోరో చపాతీలో ఇంటి దగ్గరే కట్టుకోండి. టాయిలెట్ కోసం పెద్ద హోటల్ కాకుండా ఊరికి కాస్త దూరంలో ఉన్న పెట్రోల్ బంకు చూసుకోండి. మీ అమ్మగారి వయసుకు రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయడం అవసరం. కాళ్లు వాస్తాయి, మందుల టైము తప్పుతుంది. మందుల సంచి డిక్కీలో వేయొద్దు.

మీది ఎలక్ట్రిక్ కారైతే ఇంకో జాగ్రత్త: దారిలో చార్జర్లు ఉన్నాయి కానీ ఒక్కోచోట ఒకటీ రెండే. పండగకు ముందు నాలుగు బండ్లుంటే మీ వంతు వచ్చేసరికి రెండు మూడు గంటలు. ఇంటి దగ్గర నిండా ఎక్కించుకుని, సగానికి తగ్గకముందే ఖాళీగా కనిపించిన మొదటి చోటే మళ్లీ ఎక్కించుకోండి.

తిరుగు ప్రయాణం గురించి మీరు ఒక్క ముక్కే అడిగారు కానీ, అసలు కష్టం అక్కడే. వెళ్లేటప్పుడు రద్దీ నాలుగైదు రోజుల మీద పరుచుకుంటుంది. 2026లో రెండో శనివారం జనవరి 10న పడింది, భోగి 14న. తొమ్మిదో తేదీ శుక్రవారం రాత్రి నుంచే జనం కదిలారు. కొందరు ముందే వెళ్లి ఊరి నుంచే లాగిన్ అవుతున్నారు. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు ముందు వెళ్తే, మగవాళ్లు చివరి రోజు బస్సులోనో రైల్లోనో వెళ్తున్నారు. వచ్చేటప్పుడు ఆ వీలు లేదు. స్కూళ్లు తెరిచేది ఒక రోజు, ఆఫీసు రమ్మనేది అదే సోమవారం. కనుమ దాకా ఎవరూ కదలరు. ఆ ఏడు కనుమ 16న శుక్రవారం వచ్చింది, మిగిలింది శని, ఆదివారాలు. నాలుగైదు రోజుల్లో వెళ్లిన బండ్లన్నీ రెండు రోజుల్లో వెనక్కి రావాలి, అందులోనూ ఎక్కువమంది ఆదివారం భోంచేసి బయల్దేరతారు. చిల్లకల్లు దగ్గర మొదలైన ఆగుడు అర్ధరాత్రి హయత్‌నగర్ దాకా ఉంటుంది.

కనుమ అలా శుక్రవారం పడితే మీరు శనివారం ఉదయం మంచు విడిపోగానే బయల్దేరిపోండి. కుదరకపోతే సోమ, మంగళవారాలు సెలవు పెట్టుకుని మంగళవారం పగలు రండి. వెళ్లేటప్పుడు పెట్టుకునే సెలవు రోజుకంటే వచ్చేటప్పుడు పెట్టుకునే సెలవు రోజు విలువైనది, మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఆ రోజు కోసమే పట్టుబట్టండి. అత్తగారు కట్టిచ్చిన అరిసెల డబ్బాలూ, బియ్యం మూటా డిక్కీలో ఎక్కించాక బండి బరువు పెరుగుతుంది. బయల్దేరే ముందు టైర్లలో గాలి మళ్లీ చూపించుకోండి.

చివరగా, ఇదంతా సంక్రాంతి లెక్క. ఆగస్టు, సెప్టెంబరు లాంగ్ వీకెండ్లకు మంచు బాధ ఉండదు కానీ వాన ఉంటుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర మునేరు నీళ్లు హైవే మీదకొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. వానల రోజుల్లో ఖమ్మం వైపు గట్టి వానలు పడ్డాయని వార్త వస్తే, ఇక్కడ ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా ఒక పూట ఆగండి. ఆ నీళ్లే తర్వాత నందిగామ దగ్గరికి వస్తాయి.

మీ ఊరు తణుకు నుంచి ఎటువైపో, అత్తిలి వైపో, పెరవలి వైపో రాయండి. హైవే ఎక్కడ దిగితే మేలో చెప్తాను.